పడుకున్న లైను

ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర వ్యాపారం మాట్లాడకూడదని నియమం. నియమం పెట్టినవాడు అన్నయ్య. అందుకని అక్కడ వ్యాపారం మాట్లాడే హక్కు అతనొక్కడికే ఉండేది.

"మన పాప రేటు తగ్గించమని అడిగింది," అన్నాడు ఆ ఆదివారం, కూర గిన్నె తన వైపు లాక్కుంటూ. "నన్నే. ఆఫీసు మెయిల్లో. 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి."

"గౌరవంగానే అడిగిందిగా మరి," అంది వదిన.

"అన్నయ్యా అని రాస్తే నీ గుమస్తా నవ్వుతాడని అలా రాశాను," అంది పాప.

"ఇప్పుడు మాత్రం ఏడ్చాడా వాడు? ప్రింటు తీసి అందరికీ చూపించాడు."

పాపకు నలభై దాటాయి. ఆమెకు ఇంకో పేరుందని బ్యాంకుకు తెలుసు, ఇంట్లో వాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. అన్నయ్యది ఇంటర్నెట్ టోకు వ్యాపారం. పెద్ద కంపెనీల దగ్గర బ్యాండ్‌విడ్త్ మొత్తంగా కొని, వీధుల్లో ఇంటింటికీ కనెక్షన్లిచ్చే చిన్న కంపెనీలకు అమ్ముతాడు. పాప చదువు అయిన దగ్గర్నుంచీ అతని ఆఫీసులోనే పనిచేసింది. అతని నెట్‌వర్కులో సగం ఆమె నిచ్చెనెక్కి కట్టినదే. ఒకరోజు ఉండబట్టలేక వాటా అడిగింది. "నీకు వాటా ఏమిటే పిచ్చిదానా, ఇల్లంతా నీదే కదా!" అని అన్నయ్య ప్రేమగా నెత్తిమీద ఒక మొట్టికాయ వేశాడు.

ఆ మొట్టికాయ నొప్పి తగ్గకముందే ఆమె ఇల్లు వదిలి, ఒక దర్జీ కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుంది. ముందు గది ఆఫీసు, వెనక గది కాపురం. అన్నయ్య "అక్కడ ఏం రాలుతుంది?" అని వదిలేసిన నాలుగు వీధుల్లో తనే కనెక్షన్లివ్వడం మొదలుపెట్టింది. బ్యాండ్‌విడ్త్ మాత్రం అన్నయ్య దగ్గరే కొనాలి. వేరే టోకువాళ్ళూ ఉన్నారు కాని, వాళ్ళ తీగ ఆ నాలుగు వీధుల దాకా రాదు.

ఆ కంపెనీ నడిస్తే ఆ రెండు గదులు ఆమెవి. నడవకపోతే అన్నయ్య ఇంట్లో వెనక గది. దాని పక్కనే అమ్మ గది. ఇక బతికినన్నాళ్ళూ అమ్మ కాళ్ళు పట్టుకుంటూ, అన్నయ్య జోకులకు నవ్వుతూ గడపాలి. ఈ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. వెనక గదికి మాత్రం ఏటేటా రంగు వేయించేవారు.

"సరే, తగ్గించను," అన్నాడు అన్నయ్య. "కాని నీకు ఒక మంచి పద్ధతి ఇస్తాను. పెద్ద పెద్ద కంపెనీలు నాతో ఎలా లెక్క చూసుకుంటాయో, అలా. వాడినంతకే బిల్లు. మా ఆవిడ చెబుతుంది విను, నాకంటే బాగా చెబుతుంది."

వదిన డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువుతో ఆమె చేసిందల్లా, అత్తగారు పూటకు ఎన్నిసార్లు పిలుస్తుందో సగటు కట్టడం. ఆ సగటు ఈమధ్య బాగా పెరిగింది. అమ్మ స్నానాలగదిలో జారి పడ్డాక మంచం దిగడం మానేసింది. పిలవడం మానలేదు.

"ఏం లేదు పాపా," అంది వదిన చేయి కడుక్కుని వచ్చి. "నీ లైనులో ఎంత పోతోందో మీటరు ఐదేసి నిమిషాలకోసారి చూస్తుంది. నెలాఖరుకి ఆ లెక్కలన్నిటినీ బడిపిల్లల్లా పొట్టి నుంచి పొడుగు వరుసలో నిలబెడతారు. బాగా పొడుగువాళ్ళని, నూటికి ఐదుగురిని, బయటికి పంపేస్తారు. మిగిలినవాళ్ళలో ఎవడు పొడుగో, వాడి కొలతకి నెలంతా బిల్లు."

"అంటే నెలలో ముప్పై ఆరు గంటలు ఎంత వాడినా లెక్కలోకి రాదు," అంది పాప. ఆమెకు తెలియనిదేమీ కాదు. ఆ మీటరు బిగించింది ఆమే.

"చూశావా, ఎంత తెలివి!" అన్నాడు అన్నయ్య. "అంతేకాదు, రెండో లైను కూడా ఇస్తున్నా. మొదటిది పాడైతే పనికొస్తుంది. వాడకపోతే చిల్లిగవ్వ కట్టక్కర్లేదు. పడుకుని ఉంటుంది పాపం."

"లేస్తే?"

"నెలలో ముప్పై ఆరు గంటల లోపల లేచి మళ్ళీ పడుకుంటే ఏమీ లేదు," అంది వదిన. "ఆ పొడుగు పిల్లలతోపాటు బయటికి పోతుంది. దాటితే మాత్రం అదీ మామూలు లైనే. మామూలు లైనుకుండే కనీస చార్జీ, నెల మొత్తానికీ."

"అంటే రెండింతల బిల్లు."

"రిపేరు ఎప్పుడైనా ఒక పూట దాటిందా పాపా?" అన్నాడు అన్నయ్య నొచ్చుకున్నట్టు. "నువ్వే చేసేదానివిగా, నువ్వే చెప్పు."

దాటలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాటలేదు. ఆ రిపేర్లన్నీ తను చేయబట్టి దాటలేదన్న సంగతి పాపకు ఆ క్షణాన తోచలేదు. గడువులోగా బిల్లు కట్టకపోతే వీధుల్లో ఉన్న పెట్టెలూ తీగలూ టోకు కంపెనీకి చెందుతాయన్న వాక్యం కూడా చదివింది. అన్నయ్య అందరి చేతా రాయించుకునేదే. సంతకం పెట్టింది.

లోపలి గదిలోంచి అమ్మ కేకేసింది. "అక్కడ ఏం జరుగుతోంది? ఎవరూ మాట్లాడరేం?"

"పాప సంతకం పెడుతోంది అత్తయ్యా!"

"దేనిమీద?"

"దాని భవిష్యత్తు మీద!" అంది వదిన. అందరూ నవ్వారు, పాప కూడా.

*

కొత్త పద్ధతి పాపకు బాగానే కలిసొచ్చింది. ఏ ఇంట్లో ఎవరు ఏ వేళకు ఏం చూస్తారో ఆమెకు కంఠతా వచ్చు. సాయంత్రం అందరూ ఒకేసారి మీద పడకుండా, తెల్లవారుజామున చేసుకోగలిగిన పనులన్నీ తెల్లవారుజాముకు నెట్టింది. ట్యూషన్ మేడమ్‌ను బతిమాలి ఆవిడ పాఠాల వీడియోలు పొద్దున్నే ఎక్కించుకునేలా చేసింది. కింది దర్జీ కొట్టు కెమెరాల రికార్డింగులు పంపే పని కూడా ఆ వేళకే మార్చింది. కనెక్షన్లు పెరుగుతున్నా బిల్లు తగ్గుతూ వచ్చింది.

"మా చెల్లెలు నన్ను దోచేస్తోందండీ," అని అన్నయ్య వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు. నవ్వు నోటి దాకానే వచ్చేది.

ఈలోగా ఆ నాలుగు వీధుల్లో పాత ఇళ్ళు కూల్చి ఐదంతస్తులవి కట్టడం మొదలైంది. ఏమీ రాలదనుకున్న చోట రాలడం మొదలైంది. అన్నయ్య ఆ వీధుల మీదుగా కారు నెమ్మదిగా పోనిచ్చి, ఇంటికొచ్చి భోజనం దగ్గర మౌనంగా ఉండేవాడు. నియమం ప్రకారం వ్యాపారం మాట్లాడని రోజులు అవే.

ఒక మంగళవారం పొద్దున్న ఆరింటికి పాప మొదటి లైనుకు మరమ్మతు మొదలైంది. ముందుగా తెలియజేశారు. తీగ కోసి కొత్తగా అతుకు వెయ్యాలి, ఒక పూట పని అన్నారు. పాప వాడకమంతా పడుకున్న లైను మీదికి మారింది. సాయంత్రానికి పని కాలేదు. మర్నాడు మధ్యాహ్నానికీ కాలేదు. బుధవారం సాయంత్రం ఆరు కొడితే ముప్పై ఆరు గంటలూ అయిపోతాయి. ఆ తరవాత ఒక్క ఐదు నిమిషాలు నడిచినా రెండో లైను మామూలు లైనే. రెండింతల బిల్లు కట్టడానికి పాప దగ్గర లేదు. కట్టకపోతే వీధులు పోతాయి.

ఆఫీసుకు ఫోన్ చేసింది. "పెద్దాయన భోజనానికి ఇంటికెళ్ళారు మేడమ్," అన్నాడు గుమస్తా. "గౌరవనీయులైన పెద్దాయనకి ఏమైనా చెప్పమంటారా?"

ఆమె ఇంటికే వెళ్ళింది. అన్నయ్య అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఆ అతుకు—"

"ముందు కూర్చో. తిను. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో." కుర్చీ లాగాడు. "బల్ల దగ్గర ఆఫీసు మాటలు వద్దమ్మా. నాన్నగారు ఉన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి."

నాన్నగారు ఉన్నప్పుడు ఆ ఇంట్లో బల్లే లేదు. పాప కూర్చుంది. వదిన వడ్డించింది. అన్నయ్య ప్రతి ముద్దకూ ఒక కథ చెప్పాడు. చిన్నప్పుడు పాప చెట్టెక్కి దిగడం రాక ఏడ్చిన కథ, సైకిలు మీంచి కాలువలో పడ్డ కథ. అన్ని కథల్లోనూ చివరికి అతనే వచ్చి కాపాడాడు. ఆమె గోడ గడియారం చూడకుండా తినడానికి ప్రయత్నించింది.

అతను చేయి కడుక్కోగానే లేచింది. "అన్నయ్యా, ఇప్పుడైనా—"

"ఒక్క కునుకు తీసి వస్తా. డాక్టరు చెప్పాడు, తిన్నాక పడుకోకపోతే బీపీ పెరుగుతుందని." తలుపేసుకున్నాడు.

"మీ అమ్మకి గోళ్ళు తియ్యాలి పాపా," అంది వదిన కత్తెర చేతిలో పెట్టి. "ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా."

అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పుతో పోట్లాడుతోంది. ఫ్యాను చప్పుడు చేస్తోందట. కూతుర్ని చూసి చేయి చాపింది.

"కంపెనీ ఎలా ఉందే?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో అందరూ అడిగేదే. అందరూ ఒకే రకంగా అడిగేవారు. పాప అమ్మ బొటనవేలు పట్టుకుంది.

"మెల్లిగా! గోరు తియ్యమంటే వేలు తీసేలా ఉన్నావు. ధ్యాసెక్కడుంది?"

"ఎక్కడా లేదమ్మా."

"అబద్ధం. చిన్నప్పుడూ అంతే, అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి నీకు."

నాలుగున్నరకు అన్నయ్య లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి, కప్పు కింద పెట్టాక "ఇప్పుడు చెప్పు," అన్నాడు.

"నీకు తెలుసు నేనేం చెప్పాలో."

"అతుకు వేసేవాడు రాలేదు పాపా. కూతురికి జ్వరమట. కడుపున పుట్టిన పిల్ల కదా, ఏమంటాం?"

"నేను వేస్తాను. మిషనివ్వు. అక్కడున్న అతుకులన్నీ నేను వేసినవే. గంట పట్టదు."

"నువ్విప్పుడు మా స్టాఫు కాదు కదమ్మా. నీకేమైనా అయితే బీమావాళ్ళు ఒప్పుకోరు."

"బీమానా? మొన్న మొన్నటి దాకా వర్షంలో స్తంభం ఎక్కించావు నన్ను. అప్పుడేమైంది బీమా?"

"అప్పుడు ఇంటిమనిషివి."

"సరే. ఈ మరమ్మతు నీది. ఆలస్యం నీది. ఆ గంటలు నా లెక్కలోంచి తీసెయ్."

"ముందే తెలియజేసి చేసే మరమ్మతు మూడు రోజుల దాకా ఒప్పందంలో ఉంది. నువ్వు చదివే సంతకం పెట్టావు." గొంతు ఇంకా మెత్తగా చేశాడు. "మీటరు యంత్రం పాపా. దానికి అన్నా చెల్లీ ఉండరు. ఇవాళ నీకు తీసేస్తే రేపు ఇంకొకడు వచ్చి నీ చెల్లెలికైతే తీశావుగా అంటాడు. నా పరువేం కావాలి?"

"నా వీధులేం కావాలి?"

"ఎందుకంత పెద్ద మాటలు?" అంటూ వదిన టీ కప్పులు తీయడానికి వచ్చింది. "ఆరు కొట్టకముందే నువ్వే ఆపెయ్. ఆ లైను మళ్ళీ పడుకుంటుంది, బిల్లు రాదు. రేపటికి ఇటు మరమ్మతూ అయిపోతుంది. ఒక్క రాత్రి ఇంటర్నెట్ లేకపోతే జనం ఊపిరాడక చస్తారా? పైగా నువ్వంటే ప్రాణమిస్తారని నువ్వే చెబుతుంటావుగా."

అది నిజమే, పాప అలా చెబుతుండేది. నమ్మేది కూడా. ఏ వేళ పిలిచినా నిచ్చెనేసుకుని వెళ్ళేది ఆమే. ట్యూషన్ మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని "నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్ళమో" అని ఎన్నిసార్లో అంది. వాళ్ళు ఒక్క రాత్రి ఆగరా? ఆగుతారు.

*

"అక్కా, ఆలోచించు," అన్నాడు లైన్‌మన్. పాప దగ్గర పనిచేసేవాడు అతనొక్కడే. ఆమెతోపాటే అన్నయ్య ఆఫీసు వదిలి వచ్చాడు. "బిల్లు సంగతి నెలాఖరున చూసుకుందాం. ఇప్పుడు ఆపితే మాత్రం తంతారు జనం."

"మెసేజ్ పెట్టాను అందరికీ. రేపటి దాకా ఓపిక పట్టమన్నాను. ఈ నెల డబ్బులో తగ్గిస్తానన్నాను."

"ఓపిక పట్టమని మెసేజ్ పెడితే ఎవరైనా పట్టారా ఇంతవరకూ?"

"మనవాళ్ళు పడతారు. ఆపెయ్."

అతను ఆపలేదు. ఆమే లేచి, ఆరింటికి పది నిమిషాలుండగా తన చేత్తోనే ఆపింది. గదిలో పెట్టె మీద పచ్చ దీపాలన్నీ ఒక్కసారి పోయాయి.

మొదటి ఫోను ట్యూషన్ మేడమ్‌ది. "పిల్లలు తెర ముందు కూర్చున్నారు. ఎంతసేపు?"

"రేపటికి వచ్చేస్తుంది మేడమ్. మెసేజ్ పెట్టాను—"

"రేపా? నీకు తమాషాగా ఉందా? నాకు డబ్బులిచ్చేది ఇవాళ్టి పాఠానికి."

"ఒక్క రాత్రి మేడమ్. నా పరిస్థితి మీకు చెబుతాను—"

"నీ పరిస్థితితో నాకేం పని?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

తరవాత ఫోనుకు తెరిపి లేదు. మొన్నటి దాకా "అమ్మా" అన్నవాళ్ళు "ఏమండీ" అన్నారు, "ఏమండీ" అన్నవాళ్ళు "ఏమ్మోయ్" అన్నారు. ఒకాయన తన అల్లుడు పోలీసు అని చెప్పాడు. ఇంకొకాయన అసలు ఫిర్యాదే చేయలేదు. కనెక్షన్ ఎలా మాన్పించుకోవాలో అడిగి, చెప్పాక థాంక్స్ కూడా చెప్పాడు. అందరిలోకీ అది ఎక్కువ బాధపెట్టింది.

లైన్‌మన్ కిటికీలోంచి చూసి, "అక్కా, ఒకసారి ఇటు రా," అన్నాడు.

వీధిలో ఇంకా వెలుగు పోలేదు. కొత్త చొక్కాలేసుకున్న నలుగురు కుర్రాళ్ళు గుమ్మం గుమ్మానా నిలబడి మాట్లాడుతున్నారు. చొక్కాల మీద అన్నయ్య కంపెనీ గుర్తు. పాప మెట్లు దిగి వెళ్ళేసరికి ట్యూషన్ మేడమ్ గుమ్మంలో ఒకడు అంటున్నాడు, "ఇవాళ చేరితే మొదటి నెల ఉచితమండీ. అరగంటలో వస్తుంది."

"అరగంటలో ఎలా వస్తుంది? లైను మరమ్మతులో ఉందిగా," అంది పాప.

"అది పాత తీగ మేడమ్. మాది వేరే. నిన్నా ఇవాళా కూర్చుని లాగాం, నేరుగా ఇళ్ళకే."

ట్యూషన్ మేడమ్ పాప వైపు చూడకుండా వాడి ట్యాబు మీద వేలితో సంతకం గీసింది. "నన్నేమీ అనుకోకమ్మా. నువ్వు మంచిదానివే," అంది. తలుపేసుకుంది.

వీధి మలుపులో స్తంభం మీద ఒక మనిషి, మెడలో దీపం వేలాడేసుకుని, అతుకు వేసే మిషను ఒళ్ళో పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. పాపకు తెలిసినవాడే. ఆ పని అతనికి నేర్పింది ఆమే. కింద నిలబడి తలెత్తి చూసింది.

"పాపకి జ్వరం తగ్గిందా?"

"ఏ పాపకి మేడమ్?"

"మీ అమ్మాయికి."

అతను పక్కున నవ్వాడు. "నాకిద్దరూ మగపిల్లలే మేడమ్. బాగున్నారు. మీరు బాగున్నారా?"

చీకటి పడేలోగా మూడొంతుల ఇళ్ళు మారిపోయాయి. దర్జీ మాత్రం మారలేదు. కొట్టు పైన అద్దెకుండే మనిషిని వదిలేస్తే బాగుండదని చెప్పాడు. మర్నాడు పొద్దున్న మారాడు.

మరమ్మతు మర్నాడు మధ్యాహ్నానికి పూర్తయింది. నెలాఖరుకి బిల్లు వచ్చింది. రెండో లైనుకు సున్నా. వదిన చెప్పింది చెప్పినట్టే జరిగింది, లెక్కలో ఎక్కడా తప్పు లేదు. మొదటి లైనుకు కనీస చార్జీ మాత్రం ఎప్పటిలాగే ఉంది. అది కట్టడానికి ఇళ్ళు లేవు. గడువు దాటిన రోజే గుమస్తా ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చి వీధుల్లోని పెట్టెలకు కొత్త తాళాలు వేయించాడు. లైన్‌మన్ తల గోక్కుంటూ, "వాళ్ళు రమ్మంటున్నారక్కా. ఇంట్లో పిల్లలు..." అన్నాడు. "వెళ్ళు," అంది పాప. వెళుతూ నిచ్చెన కూడా పట్టుకెళ్ళాడు. అది అతనిదే మరి.

*

సామాను సర్దడానికి వదిన స్వయంగా వచ్చింది. జుట్టు ముడి విప్పి మళ్ళీ గట్టిగా ముడేసుకుని, కొంగు దోపి, గిన్నెలు కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది. పని బాగా చేస్తుంది వదిన.

"కొత్త తీగ ఎప్పుడు తెప్పించారు?" అంది పాప.

"రెండు నెలలయిందేమో. మీ అన్నయ్య గోడౌన్లో పెట్టించారు."

"ఆపెయ్యమని చెప్పింది నువ్వు."

"ఆపకపోయినా నీ వీధులు పోయేవే. నెలాఖరున పోయేవి. అప్పుడైతే అప్పు కూడా మిగిలేది. అందుకే ఆపమన్నాను." వదిన ఒక గ్లాసును దీపానికెదురుగా పెట్టి, పగుళ్ళున్నాయేమో చూసి చుట్టింది. "నీమీద కోపం ఉండి కాదు పాపా. మీ అన్నయ్యకి వీధులు కావాలి. నాకు నువ్వు కావాలి. మీ అమ్మ పొద్దున్నుంచి నా పేరు జపం చేస్తుంటే నేను ఒక్కదాన్నీ మోయలేకపోతున్నాను. ఇద్దరం కూర్చుని ఒక్క ఒప్పందంతో సరిపెట్టాం. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి చేసిన పని ఇదొక్కటే."

"అడగొచ్చుగా వదినా. వచ్చేదాన్ని. వారానికి నాలుగు రోజులైనా వచ్చేదాన్ని."

"తెలుసు. అడిగితే నాలుగు రోజులే వస్తావు." గ్లాసుల పెట్టె మూసి పైన తాడు కట్టింది. "ఈ చీపురు నీదా, ఇంటివాళ్ళదా?"

వదిన చీపురు కూడా కట్టేసింది.

ఆ సాయంత్రం అన్నయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. "నీ ఇల్లు నీకెప్పుడూ ఉంది పాపా. నేనున్నంతకాలం నీకేం భయం?" అన్నాడు. ఆమెకు ఆఫీసులో మళ్ళీ కుర్చీ వేయిస్తానన్నాడు. గుమస్తా కింద. మొదట్లో మాత్రమే.

వదిన అప్పటికే మంచి చీర కట్టుకుని, చేతిసంచీ భుజానికి తగిలించుకుని హాల్లో నిలబడి ఉంది. వాళ్ళ అక్కయ్య ఇంటికి పోయి నాలుగు రోజులుండి వస్తుందట. పెళ్ళయ్యాక ఆమె ఒక్కతీ ఒక ఊరు వెళ్ళడం ఇదే మొదలు.

"మందులు అలమరలో ఉన్నాయి. రాత్రి కాళ్ళు పట్టాలి, లేకపోతే నిద్రపోదు. పో, కనిపించు ఒకసారి, సంతోషిస్తుంది," అంది.

పాప అమ్మ గదిలోకి వెళ్ళి మంచం చివర కూర్చుంది. దుప్పటి పైకి తీసి పాదం ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ కళ్ళు తెరిచింది.

"నువ్వేంటి ఈ వేళప్పుడు? కంపెనీ ఎవరు చూస్తున్నారు?"

"మూసేశానమ్మా. ఇక ఇక్కడే ఉంటాను. నీ దగ్గర."

అమ్మ పాదం వేళ్ళు ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి.

"మూసెయ్యడమేంటే?" అంది. "ఎదురింటావిడకి చెప్పాను. మీ పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. నా కూతురు నాలుగు వీధులేలుతోందని చెప్పాను. అద్దె గదులు కాదు, ఆ బిల్డింగే కొనబోతోందని కూడా చెప్పాను."

"కొంచెం ఎక్కువ చెప్పావమ్మా."

"నా కూతురు. నా నోరు. ఎంతైనా చెప్పుకుంటాను." గొంతు వణికింది. అది జాలితో కాదని పాపకు వెంటనే అర్థమైంది. "ఈ మంచంలో పడి నేను లోకానికి చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. మీ అన్నయ్య సంపాదిస్తే ఏముంది, మీ నాన్న పెట్టుబడి. నువ్వు ఉత్త చేతులతో పెట్టావు. అది కూడా నిలుపుకోలేకపోయావా? రేపు ఆవిడ వచ్చి అడిగితే ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"అమ్మా, అన్నయ్యే—"

"అన్నయ్య కాకపోతే పొరుగువాడు. వ్యాపారమన్నాక ఎవడో ఒకడు తన్నుతాడు. తన్నించుకుని ఇంటికొచ్చి కాళ్ళు పడతానంటుంది!" పాదం వెనక్కి లాక్కుంది. పడ్డాక అంత జోరుగా ఆమె కాలు కదపడం అదే మొదటిసారి. "తియ్ చేతులు. ఓడిపోయి వచ్చినదాని చేత నేను చేయించుకోను. కోడలా! ఓ కోడలా!"

హాల్లో వదిన అప్పటికి చెప్పులు కూడా వేసుకుంది. "పాప ఉందిగా అత్తయ్యా అక్కడ!"

"అది నాకక్కర్లేదు! నువ్వు రా!"

"నేను ఊరెళ్తున్నాను అత్తయ్యా!"

"ఏ ఊరూ వద్దు! నువ్వు పట్టకపోతే మందు మింగను, తిండి తినను. చెబుతున్నాను!"

అన్నయ్య టీవీ శబ్దం పెంచాడు. వదిన అతని వైపు చూసింది. అతను తెర వైపు చూశాడు. బయట ఆటో హారన్ మోగింది, కాసేపు ఆగి మళ్ళీ మోగింది. వదిన ఒక చెప్పు విడిచి, కొంచెంసేపు అలాగే నిలబడి, రెండోదీ విడిచింది. చేతిసంచీ కుర్చీలో పడేసి లోపలికొచ్చింది.

గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఒకరికొకరు దారివ్వడానికి అటొకసారి ఇటొకసారి జరిగారు. వదిన మంచం చివర కూర్చుని, మంచి చీర పాడవకుండా ఒక పాత తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, అత్తగారి పాదం అందుకుంది.

"అక్కడ కాదు, మడమ దగ్గర," అంది అమ్మ, ఇప్పుడు మామూలు గొంతుతో. "ఆ తలుపు దగ్గరగా వేసి రావాల్సింది. దాని ముఖం కనిపిస్తోంది నాకు."

వదిన చేయి చాచింది, అందలేదు. బయట నిలబడ్డ పాపే తలుపు పట్టుకుని మెల్లిగా మూసింది.